బొజ్జ దయ్యం

“ఇంట్లో మెప్పూ నీకే, ఆటలో మంచి దయ్యమూ నీకే! నీది ఎగిరి దూకేది, నాది పేలి చచ్చే బొజ్జది. ఇవాళ మార్చుకుందాం,” అంటూ పెద్దకోడలు చిన్నకోడలి చేతిలోని వీడియోగేమ్ కంట్రోలర్ లాక్కుని తనది ఆమెకిచ్చింది.

టీవీ తెరమీద తుపాకులతో నలుగురు మనుషులు, దయ్యాలు మీదపడి చంపాల్సినవాళ్ళు. పెద్దకోడలు దూకింది, గాల్లోనే కాల్చేశారు. మళ్ళీ దూకింది, మళ్ళీ చచ్చింది. చిన్నకోడలు కిసుక్కున నవ్వింది. చచ్చినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు పెద్దామెకు ఒళ్ళు మండింది.

“నీకెలా కుదురుతుందే?”

“రోజూ నువ్వు బొజ్జేసుకుని వాళ్ళ మధ్యకెళ్ళి పేలితే వాళ్ళకి కళ్ళనిండా జిగురే కదక్కా! కళ్ళు కనబడనివాళ్ళ మీద ఎవరైనా దూకుతారు. ఇందాక నేను గోడ దగ్గరే పేలిపోయా. నీలా నాకు రాదు.”

పెద్దకోడలు కంట్రోలర్ చిన్నకోడలి ఒళ్ళో పడేసింది.

“నా బొజ్జ నాకిచ్చెయ్,” అంది.