పొడుగు గుమ్మం

"ఆ పలక కాస్త పైకెత్తండి, అన్నయ్యా!" అన్నాడు చిన్నల్లుడు, పళ్ల మధ్య మేకులతో.

పెద్దల్లుడు ఎత్తాడు. దాంతోపాటే అతని కడుపులో మంటా లేచింది. తోడల్లుళ్లిద్దరివీ పక్కపక్క ఇళ్లు. పెరట్లో పనిముట్లకు చెక్క గది కడతానని పొద్దున మొదలుపెట్టిన చిన్నవాడు, అప్పుడే ఏటవాలు కప్పు దాకా వచ్చేశాడు.

"మా మరిది చేతిలో ఏదో మహిమ ఉందండీ! మీరు మేకు కొడితే గోడే రాలుతుంది," అంది పెద్దల్లుడి భార్య, చెల్లెలి పక్కన నిలబడి.

ఏదో ఒక వంక దొరక్కపోతే అతనికి ఆ పూట అన్నం సయించేలా లేదు. గది చుట్టూ తిరిగాడు. కప్పు వెనక్కి వాలింది, వాన నీళ్లు నిలవవు. బాగానే ఏడ్చింది. ముందుకొచ్చి గుమ్మం చూశాడు. దొరికింది!

"నువ్వు నా భుజం దాకా కూడా రావు, నీకింత గుమ్మమెందుకయ్యా? ఏనుగును కట్టేస్తావా? పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా!"

అక్కచెల్లెళ్లిద్దరూ పకపకా నవ్వారు. పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చింది.

చిన్నల్లుడు మేకులు అరచేతిలోకి తీసుకున్నాడు. "నా ఎత్తుకే కోద్దామనుకున్నాను, అన్నయ్యా. కానీ రంపమనీ సుత్తనీ రోజూ వచ్చేది మీరే కదా. మీ నుదురు తగులుతుందేమోనని ఇటువైపు కప్పు లేపాను."

అందులో వెటకారముందేమోనని పెద్దల్లుడు అతని మొహమంతా వెతికాడు. లేదు.

"లోపలికెళ్లి చూడండి, సరిపోయిందో లేదో."

గుమ్మానికీ అతని తలకీ మధ్య ఇంకా జానెడు ఖాళీ ఉంది. అయినా పెద్దల్లుడు తల వంచుకునే లోపలికి వెళ్లాడు.