మూడు వేల ముద్రలు

రైలు పట్టాలన్నిటినీ యంత్రాలే తనిఖీ చేస్తున్న కాలమది. అయినా అవి భద్రమేనని ఒక మనిషి వేలిముద్ర వేయాలని ప్రభుత్వ చట్టం. ఆ మండలానికి ఆ మనిషి సులోచన. రోజుకు మూడు వేల ముద్రలు. పదకొండేళ్లుగా ఇంట్లోనే కూర్చుని, బెండకాయలు తరుగుతూ, తెర వంక చూడకుండానే వేస్తోంది.

ఆ ఉదయం పట్టాల వెంట నడిచే రైల్వే కూలీ యాకూబ్ ఫోన్ చేశాడు.

"మేడమ్, వాగు వంతెన మీద పట్టా పగిలింది. నా కండ్లతోని చూసిన."

తెర మీద మాత్రం వంతెన భద్రమనే ఉంది. సులోచన ముద్ర వేయలేదు. నిమిషంలో కొత్త వాక్యం వచ్చింది: ‘అధికారి ఆరోగ్యం పరీక్షించాలి. బాధ్యత మరొకరికి అప్పగించాం.’ ఆ మరొకరెవరో వెంటనే ముద్ర వేసేశారు. కోపం రావాలి కదా అనుకుంది సులోచన. రాలేదు. యాకూబ్ ఇంకా ఫోన్‌లోనే ఉన్నాడు.

"యాకూబ్, బండికి ఎదురుంగ నిలబడతవా?"

"మనిషిని చూస్తే ఆగుతదా మేడమ్?"

"ఆగాలని రూలుంది."

పది నిమిషాలకు అతనే మళ్ళీ చేశాడు.

"ఆగింది మేడమ్. పోలీసులొచ్చిన్రు. పట్టా చూడుమంటే నన్నే చూస్తున్నరు."

"నేనే నిలబడుమన్న అని చెప్పు."

"చెప్పిన. మీ పేరు అధికారుల లిస్టుల లేదంటున్నరు."

సులోచన ఇంటికి తాళం వేసి బస్టాండు వైపు నడిచింది. ఆ వంతెనను ఆమె ఇంతవరకు ఒక్కసారీ చూడలేదు.