లార్కమ్ పొలంలో కాలిబాట

“మోకాలు పట్టేసింది. కాస్త ఆగవమ్మా హిల్డా,” అంటూ సెడ్రిక్ కంచె పక్కన కూలబడ్డాడు.

“ఇంకొక్క బుధవారమేనయ్యా! ఆ తర్వాత ఏడాదంతా మంచం దిగకు, ఎవరడిగారు?” అంది ఇన్నేళ్ళూ ఆయనకి తోడుగా నడిచిన హిల్డా, చేతికర్ర అందిస్తూ.

వెన్‌బరీ సంత చూడ్డానికొచ్చిన పదిమంది యాత్రికులు వెనకాల బురదలో బూట్లు ఈడ్చుకుంటూ వస్తున్నారు. సంత అయ్యాక అందరికీ గుట్ట మీది పాడుబడ్డ మఠం చూడాలని ఉంటుంది. దానికున్న ఒకే ఒక్క కాలిబాట లార్కమ్ పొలం మధ్య నుంచి పోతుంది. అది ఊరి దారని కాగితాల్లో ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ళు జనం ఆపకుండా నడిచారని రుజువు చేస్తే మాత్రం ఊరిదైపోతుంది, చట్టం అలా ఉంది. ఆ రుజువు కోసమే సెడ్రిక్ వాననకా మంచనకా ప్రతి బుధవారం, సంతరోజున, యాత్రికుల్ని వెంటేసుకుని నడిచాడు. వచ్చే బుధవారంతో ఆ ఇరవై ఏళ్ళూ నిండుతాయి. ఇప్పుడాయనకి డెబ్బై ఎనిమిది. నిజం చెప్పాలంటే ఆ మఠం పేరెత్తితేనే ఒళ్ళు మండుతోంది.

“ముసలి లార్కమ్ మనల్ని చూడనట్టే మొహం తిప్పుకునేవాడు. పోయాడు పాపం. లండన్ నుంచి కూతురు దిగిందట. గేటుకి తాళం వేస్తే?” అన్నాడు.

“అపశకునం మాటలు మాట్లాడకు. నడు.”

గేటు బార్లా తీసి ఉంది. పక్కనే వెరిటీ లార్కమ్, టీ కెటిల్‌తో, వేడి బన్నులతో.

“రండి పెద్దాయనా! ఈ బురదలో ఎంత అవస్థపడ్డారో!”

కుర్చీ వేసి, ఆయన మోకాలి కింద దిండు సర్దింది. ఇన్నేళ్ళలో ఈ దారిలో ఒక మంచి మాట విన్నది ఇదే మొదలు. సెడ్రిక్‌కి కళ్ళు చెమర్చాయి.

“ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇటే నడవండి. నాకేం అభ్యంతరం లేదని రాసి కూడా పెట్టాను,” అని టైపు చేసిన కాగితం ఇచ్చింది. తేదీ ఉంది. కింద సెడ్రిక్, హిల్డా ఇద్దరి సంతకాలకీ చోటుంది.

“సంతకాలెందుకో?” హిల్డా గొణిగింది.

“ఊరుకో. ఆమె టీ తాగి, ఆమె బన్ను తిని, సంతకం పెట్టనంటే ఏం మర్యాద?”

ఇద్దరూ పెట్టారు. వెరిటీ ఒక ప్రతి ఉంచుకుని, ఇంకోటి ఆయన చేతికిచ్చింది.

మరుసటి బుధవారం ఆఖరి నడక ముగించి నేరుగా కౌన్సిల్ ఆఫీసుకెళ్ళారు. ఇరవై ఏళ్ళ డైరీలు, ఫోటోలు, యాత్రికుల పేర్లు బల్ల మీద పేర్చి, అన్నిటికంటే పైన వెరిటీ కాగితం పెట్టాడు సెడ్రిక్.

“యజమానురాలే ఒప్పుకుంది. ఇంక పేచీ లేదు. ఇంటికెళ్ళి పడుకుంటాను హిల్డా,” అన్నాడు. ఆ మాటతో ఇన్నేళ్ళ అలసటా దిగిపోయింది.

ఉద్యోగి ఆ ఒక్క కాగితమే రెండుసార్లు చదివాడు.

“అంటే ఇరవై ఏళ్ళ గడువుకి సరిగ్గా వారం ముందు మీ సంతకాలు తీసుకుందా?”

“అవును. ఎంత మంచి పిల్లో!”

ఉద్యోగి కళ్ళజోడు తీసి, డైరీల దొంతరని మెల్లగా ఆయన వైపే జరిపాడు.

“ఎవరి అనుమతీ లేకుండా ఇరవై ఏళ్ళు నిండాలి. అనుమతి పుచ్చుకుని నడిస్తే హక్కు రాదండీ.”