పడమటి వామి

ఎనిమిదేళ్ళ కిందటి తుఫానులో రొయ్యల గుంట గట్టు దానంతటదే తెగిందా, ఎవరైనా తెగ్గొట్టారా? పిచ్చమ్మ ఈ సందేహాన్ని దేవుడి ముందు తప్ప ఎవరి ముందూ పెట్టలేదు. ఆ ఉప్పునీళ్ళకే ఆమె వరిచేను చవుడు తేలింది. ఆ దిగులుతోనే భర్త హజరత్తయ్య మంచం పట్టి పోయాడు.

గుంట యజమాని నరేంద్రబాబు పది రోజుల నుంచి గడ్డి కావాలని కబురు పెడుతూ, ఈ శుక్రవారం తనే వచ్చాడు. ఉప్పుకాలువ గట్టు మీద రాలిన గడ్డిపరకలు తొక్కుకుంటూ ఆమె చేలోకి దిగాడు.

పిచ్చమ్మ గడ్డి పక్కకి జరిపి చూపించింది. మట్టి మీదే కోడిగుడ్లలా బంగాళాదుంపలు!

“తవ్వకుండానే?”

“తవ్వితే అడుగునుండే ఉప్పు పైకొస్తాది నాయనా. నేలమీద విత్తనం పెట్టి, జానెడు మందాన వరిగడ్డి కప్పడమే.”

“నా రొయ్యలన్నీ రోగమొచ్చి పొయినాయక్కా. మెరక చేను అరెకరం మిగిలుండాది. మా ఆడమనిషి గాజులు కుదవపెట్టి విత్తనగడ్డలు తెచ్చినా. ఇది గూడా పోతే మాకింకేం లేదు.”

“గడ్డికేంలే. ఒక్క మాట నిజం చెప్పు. ఆ గట్టు దానంతటదే తెగిందా?”

నరేంద్రబాబు తల గోక్కుంటూ నవ్వాడు. “ఇంకా ఆడే ఉండావా అక్కా! గుంట పొంగతా ఉంటే నీ చేను పక్కకి నేనే గండి కొట్టినా. లేకుంటే నా రొయ్యలు దక్కతాయా? పాత మాటలే.”

“పాత మాటలేలే.”

పెరట్లో రెండు గడ్డివాములున్నాయి. తూర్పు వామి వైపు నడుస్తున్న పిచ్చమ్మ ఆగి, వెనక్కి తిరిగింది. “పడమటిది మొత్తం తోలుకో.”

గేదె పలుపు లాక్కుంటూ ఆ వామినే నాకుతోంది.

“నీ బర్రె గూడా దీన్నే మెచ్చింది! నీ రుణం ఎట్ట తీర్చుకునేదక్కా?”

“నేనే నీకు బాకీ ఉండా నాయనా. రేపు రా. శుక్రవారం పూట ఉప్పూ పాలూ బయటికి పంపం గదా.”

“నేనడిగింది గడ్డి గదక్కా!”

“అయినా రేపే.”

శనివారం పొద్దున్నే ట్రాక్టరు వామిని మోసుకుపోయింది. పిచ్చమ్మ దీపం ముందు చేతులు జోడించింది. “బాకీ తీరింది స్వామీ. తప్పయితే నువ్వే చెప్పు.”

ఆ వామిలో ప్రతి మోపునూ ఆమె ఆ పది రోజుల్లోనే ఉప్పుకాలువలో ముంచి ఆరేసింది.