డోలు సంచి

జనగామ నుంచి వచ్చిన బస్సు అప్పటికే కిక్కిరిసి ఉంది. ముగ్గురి సీటులో మాత్రం ఇద్దరికి చోటుంది.

కిటికీ పక్కన ఒక ముసలాయన. ఉంగరాల జుట్టు, నిగనిగలాడే నలుపు, ఒళ్లో గుండ్రటి గుడ్డసంచి.

రుక్కి ఆయన పక్కన కూర్చుంటూనే తన చేతిసంచిని ఆయనకు దూరంగా ఇటువైపుకు మార్చుకుంది. కూతురు ప్రియను చివర కూర్చోబెట్టింది.

"జర చూసుకో బిడ్డా. ఏ దేశపోడో ఏమో," అంది తమ లంబాడీ తండా భాషలో.

ఈ బస్సులో తండా భాష ఇంకెవరికి వస్తుందని ఆమె ధైర్యం.

కండక్టరమ్మకూ అదే అనుమానం. "వేర్ గోయింగ్?" అని అడిగింది.

"మానుకోట ఒకటియ్యి. నేను జనగామోణ్నే బిడ్డా," అన్నాడు ముసలాయన. "మా తాతల తాతలు ఆఫ్రికాలకెల్లి నిజాం ఫౌజుకు వచ్చిండ్రు. నేను మాత్రం ఎప్పుడూ గీ బస్సుకే వస్త."

బస్సులో సగం మంది నవ్వారు. రుక్కి సంచి మాత్రం ఉన్నచోటే ఉంది.

ప్రియకు నవ్వు రాలేదు. చేతిలో సన్మానపత్రం ఉంది.

మానుకోటలో ఈరోజు ఎవరో లతీఫ్ సాబ్‌కు సన్మానం. నలభై ఏళ్ల కింద ఒక్క డోలుతో, పెళ్లిళ్లకు వాయించే మర్ఫా బ్యాండు మొదలుపెట్టాడట. ఇప్పుడు భూపాలపల్లి దాకా నాలుగు బ్యాండ్లు ఉన్నాయట. ఎవరూ పనికి పెట్టుకోని పిల్లలను పిలిచి మరీ వాయించడం నేర్పాడట.

ఆ పత్రాన్ని వేదిక మీద చదవాల్సింది పదో తరగతి ప్రియ. బడిలో దయాకర్ సార్ ఏరికోరి పెట్టాడు.

పంద్రాగస్టు నాడు మైకు ముందు నోరు పెగలక దిగివచ్చింది. బడంతా నవ్వింది. ఈసారీ అట్లాగే అయితే ఇక బడికే పోనని డైరీలో రాసిపెట్టుకుంది.

"యాడీ, నాతోని కాదు. బహుముఖ ప్రజ్ఞాశాలి అన్నకాడనే నాలిక మడతపడుతున్నది," అంది తల్లితో.

"గసొంటి మాటలెందుకే? నా పెండ్లి ముచ్చట చెప్పు. మర్ఫా అంటే గది."

"మల్ల మొదలువెట్టినవా?"

రుక్కి అప్పటికే మొదలుపెట్టింది.

"వాగు పొంగి మీ బాపు అవుతలనే ఆగిపాయె. ఇగ పెండ్లి లేదని చుట్టాలు చెప్పులేసుకున్నరు. సప్పుడు ఆగితే జనం పోతరని మర్ఫా ఆయన పొద్దూకేదాక కొట్టిండు. వానకు డోలు మెత్తబడితే మంటకు కాపి మల్ల కొట్టిండు. మీ బాపు వాగు దాటి వచ్చేదాక ఆపలే."

"ఎవరాయన?"

"నేను ముసుగుల ఉంటి. మొఖం యాడ చూసిన? దెబ్బ యాదికున్నది. రెండు మెల్లగ, ఒకటి జోరుగ, జర ఆగుడు. ఏ ఊరాయనో. ఉన్నడో, పోయిండో."

ముసలాయన కిటికీలోంచి బయటకే చూస్తున్నాడు. గుడ్డసంచి మీద ఆడుతున్న వేళ్లు మాత్రం ఆగిపోయాయి.

మానుకోటలో దిగేటప్పుడు రుక్కి ఆయనకు దారి కూడా ఇవ్వలేదు.

గంట తర్వాత ప్రియ వేదిక ఎక్కి చూస్తే, నడిమి కుర్చీలో శాలువా కప్పుకొని బస్సులోని ముసలాయనే ఉన్నాడు.

ఆమె కాగితం విప్పి మొదలుపెట్టింది.

"బహుముఖ..."

అంతే. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. దయాకర్ సార్ లేవబోయాడు. లతీఫ్ ఆయనను చేత్తోనే ఆపి, తాను లేచి ప్రియ దగ్గరికి వచ్చాడు.

"కాగితం మడతవెట్టు బిడ్డా. జర ఊపిరి తీసుకో. గంతసేపు నేను కొడుత."

ఆయన అన్నది తెలుగులో కాదు. తండా భాషలో.

ప్రియ తలెత్తింది.

"తాతా, నీకు మా మాట వస్తదా?"

"మీ తండాల పెండ్లిళ్లకు తిరిగి తిరిగి నేర్చిన."

"అయితే బస్సుల..."

"మీ అమ్మ ముచ్చట మంచిగ చెప్తది," అన్నాడాయన నవ్వుతూ.

గుడ్డసంచి విప్పి డోలు మెడకు తగిలించుకున్నాడు.

రెండు మెల్లగా. ఒకటి జోరుగా. కాస్త ఆగాడు. మళ్లీ.

హాలు చివర రుక్కి లేచి నిలబడింది. చేతిసంచి ఎక్కడ జారిపడిందో చూసుకోలేదు. కొంగును మొఖం మీదికి లాక్కొని, ఆ ముసుగులో కళ్లు మూసుకొని వింది.

కొంగు కింద ఆమె భుజాలు కదులుతుండటం వేదిక మీది నుంచే ప్రియకు కనిపించింది. ఎందుకో కూడా తెలిసింది.

డోలు ఆగింది. ప్రియ ఊపిరి తీసుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మైకు దగ్గరికి జరిగింది.

"లతీఫ్ తాత గురించి ఇందుల చాన రాసిండ్రు. ఒక్కటి మాత్రం రాయలే."

హాలు చివర నిలబడ్డ తల్లి వైపు చూసింది.

"వాగు పొంగిన నాడు మా అమ్మ పెండ్లి ఆగకుండ కొట్టింది గీ తాతనే."