వీధి అలక తీరిన సాయంత్రం

"నీ నోట్లో పడనివాళ్లు ఈ వీధిలో ఇంకెవరైనా మిగిలారా?" అంది పేయిజెన్, ఖాళీ కుర్చీల వైపు చూస్తూ.

"తిట్టలేదుగా, కాస్త వెక్కిరించాను. అంతే," అన్నాడు ఆమె మొగుడు మింగ్‌తాంగ్, మైకు సరిచేసుకుంటూ.

తైనాన్‌లో వాళ్ల వీధి చివరున్న పార్కులో అతని మొదటి ఆల్బమ్ విడుదల ఆ సాయంత్రమే. వెటకారం పాటలు కట్టడం అతని పని. చుట్టుపక్కలవాళ్లే అతని ముడిసరుకు. తెల్లారకుండానే మైకులో ప్రకటనలు చదివి అందరి నిద్రా చెడగొట్టే వార్డు పెద్ద లో గారి మీద ఒక పాట. టీలో చక్కెర తగ్గించమంటే మనిషిని ఎగాదిగా చూసే కొట్టు హ్వాంగ్ పిన్ని మీద ఒకటి. పాడుకుంటూ వచ్చి ఎవరికోసమూ ఆగని చెత్తబండి మీద ఇంకొకటి. దీనికి ఆ బండి బాణీనే ఉన్నదున్నట్టు దింపేసి మాటలు మాత్రం తనవి పెట్టుకున్నాడు. అన్నిట్లోకీ అతనికి ముద్దొచ్చేది అదే. దెయ్యాల నెలలో చనిపోయినవాళ్లకి నైవేద్యంగా పెట్టిన చిప్స్ పొట్లాలు గుట్టుగా మింగేసే బావమరిది మీద ఆఖరుది.

సంగతి ముందే పొక్కడంతో వీధి వీధంతా అలిగింది. వార్డు పెద్ద ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాడు. హ్వాంగ్ పిన్ని అయితే జన్మలో వాడి మొహం చూడనని కొట్టు ముందు నిలబడి ఒట్టు పెట్టుకుంది. బావమరిది ఫోనే ఎత్తడం లేదు.

ఆల్బమ్ వేసిన కంపెనీ యజమాని కో, తైపే నుంచి రాలేనన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. సొంత వీధివాళ్లకే అక్కర్లేని పాటగాడికి రెండో ఆల్బమ్ వేయడట. జనం సందడి ఫోన్లో తనే వింటానన్నాడు. రెండోది లేకపోతే మామగారి చేపల కొట్టులో కూర్చుంటానని మింగ్‌తాంగ్ ఇంట్లో మాటిచ్చి ఉన్నాడు. చేపల వాసన అతనికి బొత్తిగా పడదు.

"ఏమయ్యా, పిచ్చుకలు తప్ప ఇంకేం వినపడట్లేదే," అన్నాడు కో ఫోన్లోంచి.

"ఇదిగో, మొదలుపెడుతున్నాం సార్."

పేయిజెన్ దగ్గరికొచ్చి అతని చొక్కా కాలరు సర్దింది. "పాడు. ఎవరూ రాకపోతే నేనున్నాగా. వాళ్లందరి చప్పట్లూ నేనే కొడతాను."

అతను కీబోర్డు ముందు కూర్చున్నాడు. ముందు మాటల్లేకుండా, తనకి ముద్దొచ్చే ఆ పాట బాణీ ఎత్తుకుని, స్పీకర్లు పూర్తిగా పెంచేశాడు.

ఎక్కడో తలుపు దడాలున తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి. సందుల్లోంచి చెప్పుల టపటపలు మొదలయ్యాయి. లైటు కళ్లలో కొట్టడంతో అతనికి నీడలే కనపడ్డాయి గానీ, గొంతులు తెలియనివా? "ఒక్క నిమిషం ఆగవయ్యా, వచ్చేస్తున్నా," అని ఆయాసపడుతున్నది వార్డు పెద్ద. "ముందు నన్ను పోనివ్వండి," అని అందర్నీ నెట్టుకొస్తున్నది హ్వాంగ్ పిన్ని. వెనకెక్కడో బావమరిది కూడా ఆగమని అరుస్తున్నాడు.

"ఎంతమందయ్యా వాళ్లు?" అన్నాడు కో. "తొక్కిసలాటలా ఉందే. సరే, రెండోది రాయడం మొదలెట్టు. మాటంటే మాటే."

మింగ్‌తాంగ్ కళ్లు చెమర్చాయి. ఇంత మంచివాళ్లనా తను అన్నేసి మాటలన్నది? రెండో ఆల్బమ్‌లో వీళ్ల జోలికి పోకూడదనుకున్నాడు. పక్కన పేయిజెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, భుజాలు అదురుతున్నాయి. పిచ్చిది, సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నాడు.

"ఆ లైటు కాస్త జనం మీదికి తిప్పు పేయీ," అన్నాడు. "మనవాళ్లని ఒక్కసారి కళ్లారా చూసుకోవాలి."

ఆమె తిప్పింది.

అందరి చేతుల్లోనూ చెత్త సంచులున్నాయి.