కొలను అడుగున నీలపు రాయి

"ఉంగరం ఈ నీళ్ళలో దొరికిందనుకో వదినా, ఇక్కడే, అన్నయ్య ముందే నాకు క్షమాపణ చెప్పాలి," అంది మిరేయ్, కోటు గుండీ అయినా విప్పకుండా.

"దొరకనీ, అప్పుడు చూద్దాం," అంది సొలాంజ్. అనడమైతే అంది. ఆ ఉంగరం ఆమె కుడిచేతి పిడికిట్లోనే ఉంది మరి!

మంచు కరిగి, తులిప్ పూలు విచ్చుకున్నాయి. లావాల్ ఊళ్ళో ఆ వీధి వీధంతా పెరటి ఈతకొలనుల చలికాలపు ముసుగులు తీసే పనిలో ఉంది. ఫెర్నాన్ కూడా మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని, తన కొలను మీది టార్పాలిన్‌పై నిలిచిన నీళ్ళను పంపుతో తోడిపోస్తున్నాడు. ఇటు భార్య, అటు చెల్లెలు. మధ్యలో ఆయన పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

"అక్టోబరులో దీన్ని మూసేటప్పుడే చెప్పాను," మిరేయ్ ఊరుకోలేదు. "చల్లటి నీళ్ళకి వేళ్ళు సన్నబడతాయి, ఉంగరం జారి నీళ్ళలో పడుంటుంది, లేదంటే ఆ రబ్బరు గ్లౌజులో ఇరుక్కుని ఉంటుంది, చూసుకో అన్నాను. విన్నావా? గ్లౌజులు షెడ్డులోకి విసిరికొట్టి, 'అత్తయ్య ఉంగరం మీద నీకు మొదట్నించీ కన్నే' అని నా మొహాన్నే అనేశావు."

"ఇప్పుడెందుకే అదంతా?" అన్నాడు ఫెర్నాన్.

"ఎందుకా? క్రిస్మస్‌కి నీ గడప తొక్కలేదు నేను. పండక్కి మాంసం కూరి చేసే తూర్తియేర్ రొట్టె చేసుకుని ఒక్కదాన్నే కూచుని తిన్నాను. గొంతు దిగితేనా!"

సొలాంజ్ తల దించుకుంది. "రేపటికి గ్లౌజులు తీసిపెట్టు" అని మొగుడు చెప్పాడని నిన్న షెడ్డులోకి వెళ్ళింది. గ్లౌజు తిరగేసి దులిపితే, వేలి కొసలోంచి నీలపు రాయి ఉంగరం టక్కున రాలిపడింది. సరిగ్గా ఆడపడుచు చూసుకోమన్న చోటే! ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పడం? అదే నీళ్ళలో దొరికిందనుకోండి, ఆ సంగతి వేరు. అన్ని నీళ్ళ అడుగున ఉన్నది ఎవరికి మాత్రం కనిపిస్తుంది? ఎవరి కంటా పడకుండా కొలనులో జారవిడిస్తే చాలు. ఉంగరం దొరుకుతుంది, పరువూ దక్కుతుంది.

ముగ్గురూ కలిసి టార్పాలిన్ లాగేశారు. కింద నీళ్ళు బఠాణీ సూపులా చిక్కగా, పచ్చగా ఉన్నాయి. ఒక కప్ప ఎగిరి మిరేయ్ చెప్పు మీద కూచుంది.

"ఇందులో ఉంగరమేంటి, ఏనుగు మునిగినా కనపడదు," అన్నాడు ఫెర్నాన్. పొడుగాటి కర్రకు కట్టిన వల అడుగుదాకా దించి, కుళ్ళిన ఆకులు దేవి చెక్క అరుగు మీద కుమ్మరించడం మొదలుపెట్టాడు. కుమ్మరించిన ప్రతి కుప్ప దగ్గరా మిరేయ్ మోకాళ్ళ మీద కూచుని, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతోంది.

ఇదే అదను అనుకుంది సొలాంజ్. మెల్లగా నిచ్చెన పక్కకు జరిగి నీళ్ళమీదికి వంగింది.

"అక్కడేం చేస్తున్నావు వదినా?"

"ఏం లేదు, నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చూద్దామని."

"చూడ్డానికి పిడికిలెందుకు బిగించావు?"

"చలికి!" అంది సొలాంజ్, మణికట్టు దాకా చెయ్యి ముంచేసి. మిరేయ్ మళ్ళీ ఆకుల వైపు తిరిగింది. సొలాంజ్ చిటికెన వేలు సడలించింది. ఆ పక్క వేలు కూడా సడలించబోతోంది.

"దొరికింది!"

మిరేయ్ కేకకి సొలాంజ్ వేళ్ళు మళ్ళీ బిగుసుకుపోయాయి. తిరిగి చూస్తే, మిరేయ్ అరచేతిలో నల్లటి జిగురు పట్టిన ఉంగరం. మిరేయ్ దాన్ని కోటుకేసి తుడిచి, ఎండకు ఎత్తిపట్టింది. నీలపు రాయి మెరిసింది.

"అమ్మదే! ఇదిగో లోపల అమ్మ పేరు. క్లెమాన్స్. చూడన్నయ్యా!"

సొలాంజ్‌కు కాళ్ళకింద చెక్కలు కదిలినట్టయింది. అత్తగారికి ఉన్నది ఒక్కటే ఉంగరం. మరి తన చేతిలోది ఎవరిది? గ్లౌజులోకి ఎలా వచ్చింది? పిడికిలి విప్పి చూడాలని వేళ్ళు పీకుతున్నాయి. కానీ ఎదురుగా మిరేయ్ నిలబడి ఉంది. తను వేసిన నిందను చలికాలమంతా మోసిన మనిషి.

"నన్ను క్షమించు మిరేయ్," అంది సొలాంజ్. ఈసారి నోరు, మనసు కలిసే అన్నాయి. "అనరాని మాట అన్నాను. ఒళ్ళు తెలియలేదు."

"పోన్లే వదినా," మిరేయ్ కళ్ళు తుడుచుకుంది. సొలాంజ్ ఎడమచేతిని తన చేతుల్లోకి తీసుకుని, తనే ఉంగరం తొడిగింది. "ఇంకోసారి గ్లౌజులు వేసుకునే ముందు తీసి లోపల పెట్టుకో. సరేనా?"

"సరే. ఉండు, కాఫీ పెడతాను," అంటూ సొలాంజ్ కుడిచెయ్యి ఆప్రాన్ జేబులో దూర్చుకుని, ఇంట్లోకి దాదాపు పరిగెత్తింది.

వంటింట్లో కళ్ళజోడు పెట్టుకుని అప్పుడు పిడికిలి విప్పింది. అదే రాయి, అదే చుట్టు. నిన్నటి గాభరాలో లోపల చూడనేలేదు. ఇప్పుడు కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. లోపల ఒక్క అక్షరం లేదు. కొత్త ఉంగరం, నున్నగా ఉంది.

వెనక తలుపు దగ్గర బూట్లు విప్పుతున్న చప్పుడైంది. ఫెర్నాన్ ఆమె అరచేతి వంక చూశాడు. కోప్పడలేదు.

"మీరిద్దరూ మళ్ళీ కలవాలని అచ్చం అమ్మదిలాంటిదే చేయించి, నిన్న పొద్దున గ్లౌజులో పెట్టింది నేనే. మధ్యాహ్నం చూస్తే గ్లౌజు ఖాళీ," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడు మిరేయ్‌కి ఫోన్ చేస్తావు, ఇంకాసేపటికి చేస్తావు అని నిద్రపోయేదాకా ఎదురుచూశాను, సొలాంజ్."